విల్లీస్ జీపుకు కొత్త ఫ్లోర్

1941 నుంచి 1945 వరకు సైన్యం కోసం తయారైన విల్లీస్ ఎంబీ జీపు ఫ్లోర్‌లో చిల్లు కనిపిస్తే వెంటనే అతుకు వేయకండి. ముందు అడుగుకు దూరి చూడండి. ఫ్లోర్‌కు బలంగా కింద టోపీలా మడిచిన రేకు చానెళ్లు ఉంటాయి. ఫ్యాక్టరీలోనే వాటిలో చెక్క దూర్చారు. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని ఓ పట్టాన ఆరదు, తుప్పు లోపల్నుంచి రేకును తినేస్తుంది. పై రేకు ఒక్కటే మార్చిన బండి కొన్నేళ్లకే మళ్లీ షెడ్డుకు వస్తుంది.

బ్యాటరీ వైర్లు విప్పి, డ్రైవర్ సీటు కింద ఉన్న పెట్రోల్ ట్యాంకును దించి దూరంగా పెట్టండి. ఖాళీదే కదా అనుకోవద్దు, అందులో మిగిలిన ఆవిరే పెద్ద ప్రమాదం. బాడీ ఛాసిస్ మీద ఉండగానే రెండు పక్కలనూ కలుపుతూ ఇనుప కడ్డీలు అడ్డంగా టాకా వేయాలి. లేదంటే ఫ్లోర్ కోశాక బాడీ వంకరపోయి బోల్టు రంధ్రాలు కలవవు.

ఇప్పుడు చిన్న సుత్తితో కొట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఖంగుమంటుంది, పాడైంది దబ్బుమంటుంది. మంచి రేకులోకి అంగుళం జరిగి గీత గీసి కోయండి. స్పాట్ వెల్డులను డ్రిల్లుతో పై రేకు వరకే తొలవాలి. చానెల్ తెరిస్తే నల్లబడి, వేలితో నొక్కితే పొడిగా రాలే చెక్క, పొరలుగా ఊడొచ్చే తుప్పు కనిపిస్తాయి. అంతా తీసేయండి.

పాతది పాతదిలాగే ఉండాలనేవారు మళ్లీ చెక్క పెడతారు. నేను పెట్టను, బండి బతకడం ముఖ్యం. చెక్క లేకపోతే బోల్టు బిగించినప్పుడు చానెల్ నలుగుతుంది కాబట్టి బోల్టు చుట్టూ ఇనుప గొట్టం ముక్క తొడగాలి. చానెల్ చివర నీరు జారేందుకు సందు వదలాలి.

రేకుకు 18 గేజ్ సీఆర్ షీట్ సరిపోతుంది. జీఐ రేకు వద్దు, వెల్డింగ్‌లో వచ్చే జింకు పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. అట్టతో కొలత తీసి, మూలలు గుండ్రంగా కోయండి. అంచు మీద అంచు ఎక్కిస్తే మధ్యలో నీరు నిలుస్తుంది, అంచుకు అంచు ఆనించి కలపండి. టాకా ఒకటి ఇటు చివర, ఇంకొకటి అటు చివర. రేకు చేత్తో తాకగలిగేంత చల్లారాకే తర్వాతిది. తొందరపడి ఒకే గీతగా లాగేస్తే రేకు ఉబ్బెత్తుగా లేస్తుంది, దాన్ని సరిచేయడం చాలా కష్టం.

గ్రైండింగ్, ప్రైమర్, కీళ్లకు సీలర్, ఆపైన ఆలివ్ రంగు మామూలే. ఆఖరున నీరు జారేందుకు వదిలిన సందులోంచి సన్నని గొట్టంతో చానెల్ లోపలికి వ్యాక్స్ కొట్టండి, రెండో చివర నుంచి కారేదాకా.