అమ్మ నడిచే వీధి చూడు, చెల్లీ

నువ్వు అద్దెకి చూసిన బాచుపల్లి ఫ్లాటు బాగుంది, కాదనను. కొత్త బిల్డింగు, పెద్ద బాల్కనీ, కింద పార్కు. కానీ చెల్లీ, నీ ఆఫీసు బేగంపేటలో. పొద్దున్నే మియాపూర్ దాకా ఆటో, అక్కణ్ణుంచి మెట్రో. రాత్రి మళ్ళీ అదే తిప్పలు. మధ్యలో కొత్తిమీర కట్ట కావాలన్నా స్కూటీ తీయాల్సిందే. నీ సంగతి సరే, పగలంతా అమ్మ ఏం చేస్తుందో ఆలోచించావా?

ఈ మాట మా చిక్కడపల్లిని చూసే అంటున్నా. ఇక్కడ మెట్రో స్టేషనుకి నడిచి వెళ్ళిపోవచ్చు. 2020లో గ్రీన్ లైన్ మొదలయ్యాక ప్రయాణం బాధ తీరింది. పరేడ్ గ్రౌండ్స్‌లో దిగి బ్లూ లైన్ ఎక్కితే నాలుగో స్టేషనే బేగంపేట. సాయంత్రం స్టేషను మెట్లు దిగి ఇంటికొస్తూనే కూరలు, పాలు, అమ్మ బీపీ మాత్రలు తెచ్చేసుకోవచ్చు.

అమ్మకైతే ఇంకా హాయి. వెంకటేశ్వరస్వామి గుడికి తనే వెళ్ళొస్తుంది, త్యాగరాయ గానసభలో కచేరీ ఉంటే నీకోసం ఎదురుచూడకుండా చీర మార్చుకుని బయల్దేరుతుంది. మా వీధి మొదట్లో పూలమ్మే ఆవిడ మూర కొలిచాక కూడా రెండు పూలు వదిలి తుంచుతుంది. నేను రెండ్రోజులు కనబడకపోతే "జొరమొచ్చిందా బిడ్డా?" అని అడుగుతుంది. అమ్మకి కావలసింది ఈ పలకరింపే. గేటు లోపల ఎన్ని సౌకర్యాలున్నా, బయటికెళ్ళాలంటే కూతురు సెలవు పెట్టాలనే బతుకు ఆవిడకి వద్దే.

రాత్రి తొమ్మిదిన్నరకి కూడా సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు గ్రూప్స్‌కి చదివే పిల్లలు టీ గ్లాసులు పట్టుకుని ప్రశ్నలు అప్పజెప్పుకుంటూ కనిపిస్తారు. దుకాణాల లైట్లు వెలుగుతుంటాయి. ఆ వేళ ఒంటరిగా నడిచొస్తున్నా గుండె దడదడలాడదు. ఇల్లు చూడ్డానికి పగలొకసారి, రాత్రొకసారి రమ్మని నేను చెప్పేది అందుకే.

కష్టాలూ ఉన్నాయి. ఇవి పాత అపార్టుమెంట్లు. కొన్నింటికి లిఫ్టు లేదు, ఉన్నా కరెంటు పోతే పనిచేయదు. అమ్మ మోకాళ్ళకి మొదటి అంతస్తు దాటొద్దు. పక్కనే అశోక్‌నగర్‌లో హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు పోయే నాలా ఉంది. పెద్ద వానొస్తే పల్లపు వీధుల్లోకి నీళ్ళొస్తాయి. కింది గోడల మీద చెమ్మ చారలున్నాయేమో చూడు. నల్లా ఏ రోజుల్లో వస్తుందో, ఎండాకాలంలో ట్యాంకరు డబ్బులు ఎవరు కట్టాలో ఓనర్ని కాదు, పక్క ఫ్లాటు ఆవిణ్ణి అడుగు.

ఇంకో మాట. "మగవాళ్ళెవరూ ఉండరా?" అని ఓనర్లు అడుగుతారు. నన్నూ అడిగారు, ఒళ్ళు మండింది. జీతం తెచ్చే కూతురూ, ఇల్లు నడిపే తల్లీ ఉంటే కుటుంబం కాకుండా పోతుందా? నువ్వు మాత్రం తగ్గకు. అలా అడిగిన ఇల్లు వదిలేసి పక్క టు-లెట్ బోర్డు చూడు.

అగ్రిమెంటు 11 నెలలకే రాస్తారు. అందులో అద్దె ఎంత పెంచుతారో, మెయింటెనెన్సు ఎంతో, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులోంచి ఎంత పట్టుకుంటారో రాయించుకో. నోటిమాట నమ్మొద్దు. అద్దె ఏడాదికి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో ఓనరు పాన్ నంబరు అడుగుతారు, అది ముందే తీసుకో. వెళ్ళిన రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్ చెయ్యి.

ఇక్కడ అద్దె నెలకి మూడు నాలుగు వేలు ఎక్కువే అవ్వచ్చు. ఆటోలూ, స్కూటీ పెట్రోలూ, అలసిపోయి తెప్పించుకునే భోజనాలూ ఒక కాయితం మీద వేసి చూడు, ఆ తేడా చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఖాళీ ఇళ్ళున్న ఓనర్లు బేరానికి దిగుతారు. ఇప్పుడే మాట్లాడి పెట్టుకుంటే శ్రావణంలో పాలు పొంగించుకోవచ్చు. ఆదివారం అమ్మని తీసుకునిరా, ముందు మా వీధులన్నీ నడిచి చూద్దాం.