వెంచర్ క్యాపిటల్‌కు పరిచయాల దారి

ప్రశ్న: ఎదుగుతున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ వెంచర్ క్యాపిటల్ (వాటాలకు బదులుగా ఫండ్లు పెట్టే పెట్టుబడి) కోసం పత్రికల్లో ప్రకటన ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకూడదు. ఇలాంటి పెట్టుబడి సాధారణంగా ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఎంపిక చేసిన కొద్దిమందికే వాటాలు అమ్మే) పద్ధతిలో వస్తుంది. 2013 కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం అలా వాటాలు జారీ చేసే కంపెనీ బహిరంగ ప్రకటన చేయరాదు. ముందుగా గుర్తించిన వారికే ఆఫర్ పంపాలి. కొన్ని మినహాయింపులు పోగా, ఒక ఆర్థిక సంవత్సరంలో వారి సంఖ్య 200 దాటరాదు. అందుకే మదుపరిని చేరడానికి పరిచయాలే దారి. వాటికి ఇంత విలువ రావడానికి మరో కారణమూ ఉంది. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు తిరిగి కట్టే స్తోమత, తాకట్టు చూస్తుంది. వెంచర్ ఫండ్ వాటా కొని నష్టంలోనూ పాలుపంచుకుంటుంది కాబట్టి, వ్యాపారం నడిపే మనుషుల గురించి నమ్మకస్తుల దగ్గర వాకబు చేస్తుంది.

ప్రశ్న: ఎవరి ద్వారా వెళ్తే మేలు?

జవాబు: చేరాలనుకున్న ఫండ్ ఇదివరకే పెట్టుబడి పెట్టిన కంపెనీ వ్యవస్థాపకుల మాటకు ఎక్కువ బరువుంటుంది. తప్పుడు మనిషిని పంపితే పోయేది వాళ్ల పరువే. తర్వాతి స్థానం సరుకు వాడుతున్న పెద్ద కస్టమర్లది. ఆడిటర్లు, కంపెనీ న్యాయవాదులు ఆ తర్వాత. డబ్బు పెట్టే స్తోమత ఉండీ తాను పెట్టని మదుపరి చేసే సిఫారసు మాత్రం చాలాసార్లు కీడే చేస్తుంది. ‘మరి మీరెందుకు పెట్టలేదు?’ అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

పరిచయం అడిగే ముందు ఆ ఫండ్ ఏ రంగంలో, ఏ దశలో, ఎంత మొత్తం పెడుతుందో, పోటీ కంపెనీలో ఇప్పటికే వాటా ఉందో లేదో తెలుసుకోవాలి. తర్వాత మధ్యవర్తి యథాతథంగా ముందుకు పంపగలిగే పది వాక్యాల లేఖ రాసివ్వాలి: వ్యాపారం ఏమిటి, అమ్మకాలెంత, ఏడాదిలో ఎంత పెరిగాయి, ఎంత డబ్బు కావాలి, దేనికి. ఈ లేఖ సరిగా లేక మంచి వ్యాపారాలు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోవడం బాధాకరం. ఖాతాలో డబ్బు అడుగంటాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. కనీసం ఆరు నెలల ముందే పరిచయం చేసుకుని, నెలనెలా అమ్మకాల లెక్కలు పంపుతూ ఉంటే చెప్పిన మాట నిలబెట్టుకునే మనిషి అన్న నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: చిన్న ఊళ్లలో ఉండి, ఎవరూ తెలియనివారి సంగతి?

జవాబు: వారికి మొదటి మెట్టు ఇంక్యుబేటర్, అంటే తొలిదశ వ్యాపారాలకు ఊతమిచ్చే సంస్థ. హైదరాబాద్‌లో 2015లో మొదలైన టీ-హబ్ అలాంటిదే. తొలిదశ కంపెనీల్లో సొంత డబ్బు పెట్టే ఏంజెల్ మదుపరుల బృందాల్లో హైదరాబాద్ ఏంజెల్స్ ఉంది. 1992లో సిలికాన్ వ్యాలీలో పుట్టిన వ్యవస్థాపకుల సంస్థ టైకీ హైదరాబాద్ శాఖ ఉంది. 2021 నాటి స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం, అర్హతగల తొలిదశ స్టార్టప్‌లకు ఇంక్యుబేటర్ల ద్వారానే 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు, 50 లక్షల వరకు అప్పు లేదా కన్వర్టిబుల్ డిబెంచర్ల (తర్వాత వాటాలుగా మార్చుకోగల రుణపత్రాల) రూపంలో సాయం ఇచ్చేలా రూపొందింది. ఆ పథకానికి ఎంపికవడమే తర్వాతి మదుపరి దగ్గర పరిచయపత్రంగా పనికొస్తుంది. ‘ఫండ్‌తో మాట్లాడిపెడతాం’ అంటూ ముందే రుసుము అడిగే దళారులకు దూరంగా ఉండాలి.

ప్రశ్న: మదుపరి అసలైనవారో కాదో తెలిసేదెలా?

జవాబు: భారతదేశంలో వెంచర్ ఫండ్లు, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2012లో తెచ్చిన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల నిబంధనల కింద నమోదు కావాలి. ఆ జాబితా సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ ఫండ్ డబ్బు తీసుకున్న వ్యవస్థాపకులతో, ముఖ్యంగా కంపెనీ మూతపడినవారితో, సంతకానికి ముందే మాట్లాడాలి.