నీటిబొట్టు నడచు దారి

కర్నూలు జిల్లాలోని పత్తికొండ మెట్టసీమ. ఇచ్చట వర్షము తక్కువ. కురిసినదియు నమ్మదగినది కాదు. 1827వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఈ యూరిలోనే కలరా సోకి మరణింపగా, ఆయన పేర ప్రభుత్వము ఇచ్చట మెట్లబావిని కట్టించెను. ఈ సీమలో నొక మనుష్యుని స్మరించుటకు బావికంటె తగిన గుర్తు దొరకదు.

నేడు ఈ ప్రాంతమున టమాటా విరివిగా పండుచున్నది. బోరునీటిని కాలువలుగా పారించినచో, మొదటి మళ్లు తడియునప్పటికే నీరు తగ్గిపోవును. అందుచేత పలువురు రైతులు బిందుసేద్యము నవలంబించిరి. సాళ్లవెంట నల్లని పైపు పరచియుండును. దానిలో మూరెడు దూరమున కొకటి చొప్పున డ్రిప్పర్లుండును. ఒక్కొక్క డ్రిప్పరునుండి గంటకు రెండో నాలుగో లీటర్ల నీరు బొట్లుబొట్లుగా మొక్క మొదట రాలును.

వినుటకిది సులభమే, చేయుట సులభము కాదు. పది మీటర్ల యెత్తున నున్న తొట్టినుండి దిగు నీటికెంత ఒత్తిడి యుండునో, పైపులోని నీటికి రమారమి అంత ఒత్తిడి యుండును. పైపునకు రంధ్రము పొడిచినచో నీరు చిమ్మునే కాని బొట్టుగా రాలదు. రంధ్రమును మిక్కిలి సన్నము చేసినచో ఇసుకరేణువొక్కటి చాలును, పూడిపోవుటకు. ఇజ్రాయేలు దేశపు ఇంజనీరు సిమ్‌కా బ్లాస్ నీటిని పొడవైన చుట్ల దారిలో నడిపించి, రాపిడిచేత దాని ఉరవడి నణచెను. 1965లో హత్జెరిమ్ అను సమష్టి గ్రామమువారితో కలిసి ఆ పరికరముల తయారీకి పూనుకొనెను.

తరువాత వచ్చిన డ్రిప్పర్లలో దారి రంపపుపండ్లవలె వంకరలు తిరుగును. అట్టి దానిని కోసి చూచినచో, సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుగల కాలువయు, దాని కిరుప్రక్కల ఒకే ఆకారముగల పండ్లును కనబడును. నీరు ప్రతి పంటికిని కొట్టుకొని, సుడి తిరిగి, శక్తిని కోల్పోవును. నున్నని సన్నదారిలో మెల్లగా సాగు నీటికి ఒత్తిడి నాలుగింతలైనచో ప్రవాహమును నాలుగింతలగును. సుడుల దారిలో రమారమి రెండింతలే యగును. చేని మొదట ఒత్తిడి యెక్కువ, చివర తక్కువ. కనుక ఈ భేదమే చివరి మొక్కను బ్రదికించుచున్నది.

అయితే పంటి ఆకారమెట్లుండవలెను? ప్రతి ఆకారమునకు నొక అచ్చు పోసి చూచుట ఖర్చుతో కూడిన పని. ద్రవముల నడకను తెలుపు సమీకరణములను 1822లో ఫ్రాన్సు దేశీయుడగు నావియే, 1845లో కేంబ్రిడ్జిలోని స్టోక్స్ ప్రకటించిరి. కాని ఇట్టి వంకరదారికి వానిని కాగితముమీద సాధింప వీలులేదు. కావున దారిని వేలకొలది చిన్న గదులుగా భావించి, గదిగదికిని లెక్క వేయుదురు. గదిలోనికి వచ్చినంత నీరు వెలుపలికి పోవలెను. వేగము మారినచో ఒత్తిడియో రాపిడియో కారణమై యుండవలెను. ఒక గది జవాబు ప్రక్కగది జవాబును మార్చును. అన్నియు నొకదానితో నొకటి కుదురువరకు కంప్యూటరు లెక్కను తిరుగవేయుచుండును.

దారి మొత్తము నిట్లు గణించుట భారము. భారతదేశమున ఇంజనీరింగు చదివి, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున పనిచేసిన సుహాస్ పటాంకర్, లియు, స్పారో అను సహచరులతో కలిసి 1977లో నొక ఉపాయము ప్రకటించెను. వారి దృష్టి వేడినీటి గొట్టములవంటి వానిపై నుండెను. లెక్క మాత్రము డ్రిప్పరునకును చెల్లును. ఆకారము మరల మరల అదియే యైనచో, మొదటి కొన్ని పండ్లు దాటిన పిమ్మట నీటి నడక, సగటున, ప్రతి పంటియొద్దను ఒకేరీతిగా నుండును. ఒత్తిడి మాత్రము మెట్లు దిగినట్లు పంటి కింత చొప్పున తగ్గును. కాబట్టి ఒక్క పంటిని తీసికొని, దానినుండి వెడలు నీరే మరల దానిలో ప్రవేశించుచున్నట్లు గణించిన చాలును. పది మీటర్ల ఒత్తిడిని ఇరువది పండ్లు పంచుకొన్నచో పంటికి అర మీటరు!

ఆ గణనమువలన మరియొక సంగతి తేలును. పంటిమూలలలో నీరు మందగించుచోట ఒండ్రు నిలుచును. మూలను గుండ్రముగా చేసినచో ఒండ్రు కొట్టుకొనిపోవును; సుడియు కొంత బలము తగ్గును. రెంటికిని నడుమ నెచ్చట నిలువవలెనో లెక్కవేసి, నమూనా చేసి, పాత్రలో నీరుపట్టి కొలిచి నిర్ణయింతురు. బోరునీటిలోని సున్నపుపొర మాత్రము ఈ లెక్కలో చేరదు. దానిని కరగించుటకు రైతు అప్పుడప్పుడు పైపులలోనికి పలుచని ఆమ్లము నెక్కించి, పిమ్మట చివరి మూత విప్పి నీటిని వదలివేయుచుండును.