బ్యాంకుకు లేఖ, బంధువుకు లేఖ

ఆంగ్లం నేర్చుకొంటున్న పిల్లల చేత రైతు సోదరులు, డీలర్లు బ్యాంకుకు లేఖలు వ్రాయిస్తుంటారు. రెండు విధాల లేఖలకు గల భేదాన్ని ముందుగా ఆ పిల్లలకు తెలియజెప్పాలి.

మేనమామకు వ్రాసే లేఖ "డియర్ అంకుల్" అని మొదలై, క్షేమ సమాచారాలతో సాగి, "యువర్స్ అఫెక్షనేట్లీ" అని ముగుస్తుంది. బ్యాంకు మేనేజరుకు వ్రాసే లేఖలో కుశల ప్రశ్నలకు తావు లేదు. పంపువారి చిరునామా, తేదీ, మేనేజరు హోదా, శాఖ పేరు, విషయం వరుసగా వ్రాయాలి. "డియర్ సర్" అని సంబోధిస్తే "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ముగించాలి.

మొదటి వాక్యంలోనే ఖాతా సంఖ్య, కోరిక ఉండాలి. "వానలకు మిరప పోయింది, కనికరించండి" అంటే చాలదు. ఏ సర్వే నంబరులో, ఎన్ని ఎకరాలు, ఏ తేదీన దెబ్బతిన్నవో, వాయిదా ఎప్పటి వరకు పొడిగించాలో తెలపాలి. లేఖను తెలుగులో చెప్పించుకొని, అర్థమైన పిదపనే సంతకం చేయాలి.

నకలుపై తేదీతో బ్యాంకు ముద్ర వేయించుకోవాలి. లేఖ ఫిర్యాదైతే ఇది మరింత ముఖ్యం. ఫిర్యాదుకు 30 రోజులలో బ్యాంకు నుండి జవాబు రానిచో అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించే వీలును రిజర్వు బ్యాంకు 2021 నాటి సమీకృత పథకంలో కల్పించింది. ఆ గడువు లెక్కకు ఆధారం ఆ ముద్రయే.