మానేరు – ఇసుక కింది నది

గోదావరి ఉపనదులను మనమంతా కంఠస్థం చేసినవాళ్ళమే. ఎడమవైపు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. కుడివైపు మంజీర, మానేరు. పరీక్షలో అది ఒక మార్కు ప్రశ్న. కానీ ఆ మానేరు మన ఊళ్ళ పక్కనుంచే పోతున్నది. దాని గురించి మనకు తెలిసింది ఎంత?

కామారెడ్డి వైపు నుంచి పాల్వంచ వాగు, సిద్దిపేట వైపు నుంచి కూడవెల్లి వాగు వచ్చి నర్మాల దగ్గర కలుస్తాయి. అక్కడ నిజాం కాలంలో కట్టిన ఎగువ మానేరు ప్రాజెక్టు ఉంది. సిరిసిల్ల దాటాక వేములవాడ మీదుగా వచ్చే మూలవాగు తోడవుతుంది. ఎలగందుల కోటను, కరీంనగర్‌ను ఒరుసుకుంటూ పోయి, మంథని ప్రాంతంలో మానేరు గోదావరిలో కలుస్తుంది. 1905 దాకా మన జిల్లాకు ఎలగందుల పేరే ఉండేది.

మానేరు వానలపై ఆధారపడిన నది. ఎండాకాలం పైన పారకం ఆగినా ఇసుక రేణువుల సందుల్లో నీరు నిలిచి ఉంటుంది. ఎండ తగలదు కనుక తొందరగా ఆవిరి కాదు. ఆ నీరే ఒడ్డు బావులకు ఊట. మన పెద్దలు ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీటిని చిప్పతో తోడి కుండ నింపుకునేవారు. ఇసుకే వడపోత. ఊరి బావి దగ్గరికి మనవాళ్ళను రానివ్వని రోజుల్లో ఈ చెలిమెలే దాహం తీర్చాయని మన ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

తర్వాత ఆనకట్టలు వచ్చాయి. 1974లో మొదలైన దిగువ మానేరు 1985లో పూర్తయింది. 24 టీఎంసీల ఆ జలాశయం కరీంనగర్‌కు, వరంగల్‌కు తాగునీరు, కాకతీయ కాలువ కింద పొలాలకు సాగునీరు ఇస్తున్నది. మధ్య మానేరుకు 2019లో గోదావరి నీటిని ఎత్తిపోసి తెచ్చారు. ఈ మేలు కోసం ఊళ్ళకు ఊళ్ళు మునిగాయి. అక్కడివారు ఇల్లు, పొలం, చెలిమె అన్నీ వదిలి వెళ్ళారు.

ఆనకట్ట కట్టాక పైనుంచి వచ్చే ఇసుక జలాశయంలోనే ఆగిపోతుంది. కింద ఉన్న ఇసుకను లారీలు ఎత్తుకుపోతే మళ్ళీ నిండదు. ఇసుక పోతే ఊట పోతుంది, ఊట పోతే ఒడ్డు బావి ఎండుతుంది. డబ్బున్న రైతు బోరు లోతుకు వేసుకుంటాడు. లేనివాడు ఏం చేయాలి?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతనో, అమ్మమ్మనో ఒక్క మాట అడుగుదాం: అప్పుడు చెలిమె ఎంత లోతులో ఊరేది? ఇప్పుడు బోరు ఎంత లోతుకు పోయింది? ఆ రెండు అంకెలు నోటుబుక్కులో పక్కపక్కన రాసుకుందాం. మన నది పాఠం అక్కడ మొదలవుతుంది.