మగవారిలో రొమ్ము పెరుగుట – శస్త్రచికిత్స

గ్రామారోగ్యమును గూర్చి మనము ఆలోచించునప్పుడు, సిగ్గుచేత ఎవ్వరును పైకి చెప్పుకొనని బాధలను కూడ గుర్తింపవలసియున్నది. మగపిల్లలకు రొమ్ము పెరుగుట అట్టివానిలో నొకటి. తోటివారి హేళనకు వెరచి చెరువులో ఈతకు పోనివారు, బడియే మానుకొనువారు గలరు.

ఇది పాపఫలము కాదు. మగతనమునకు లోపమును కాదు. శరీరమున స్త్రీ, పురుష హార్మోనుల పాళ్లు మారుటయే దీనికి ముఖ్యకారణము. యుక్తవయస్సున వచ్చినది సాధారణముగా 2 ఏండ్లలోపల తనంతట తానే తగ్గును. కొన్ని మందులు, కాలేయవ్యాధి, కండలు పెంచుటకు వాడు స్టెరాయిడ్లు, అరుదుగా వృషణములలోని గడ్డ కూడ కారణములు కావచ్చును. కావున మొదట పరీక్ష, పిమ్మటనే చికిత్స.

ఏండ్లు గడచినను తగ్గనిచో శస్త్రచికిత్స కలదు. ఇది క్రొత్తది కాదు. 7వ శతాబ్దమున ఏజీనాకు చెందిన గ్రీకు వైద్యుడు పౌలస్ దీనిని వర్ణించెను. నేడు చనుమొన చుట్టునున్న నల్లని వలయపు అంచున చిన్న గాటు పెట్టి గ్రంథిని తొలగింతురు. క్రొవ్వును సన్నని గొట్టముతో పీల్చివేయుదురు. పిదప కొన్ని వారములు బిగుతైన కట్టు ధరింపవలెను. లోపల నెత్తురు గూడుట, స్పర్శ తగ్గుట, మచ్చ మిగులుట వంటి ఇబ్బందులు కలుగవచ్చును గనుక, శిక్షణ పొందిన సర్జనుచేతనే చేయించుకొనవలెను.

ఒకవైపున గట్టి గడ్డ, పుండు, చనుమొననుండి నెత్తురు కనిపించినచో ఆలస్యము కూడదు. మగవారికిని రొమ్ము క్యాన్సరు రాగలదు.

సభ్యులను మేము కోరునది ఇది: హేళన మాన్పింపుడు, పూతమందులమ్మువారిని నమ్మవలదని చెప్పుడు, బాధితుని గుట్టు కాపాడుచు ప్రభుత్వ ఆసుపత్రికి పంపుడు.