నీటిలో ప్రాణవాయువు

ఏలూరికి చేరువనున్న కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు పెక్కు గలవు. నీరు ఉదజని, ఆమ్లజని అను రెండు మూలకముల సంయోగము. ఆవర్తన పట్టికలో ఉదజనిది 1వ స్థానము. ప్రాణవాయువనబడు ఆమ్లజనిది 8వ స్థానము. 9 పాళ్ళ నీటి బరువులో 8 పాళ్ళు ఆమ్లజనిదే. అయినను ఒక్కొక్కప్పుడు తెల్లవారుజామున చేపలు ఊపిరాడక పైకి తేలి నోళ్ళు తెరచును. కారణమేమి?

నీటి అణువునందు ఒక ఆమ్లజని పరమాణువు రెండు ఉదజని పరమాణువులతో బంధింపబడి యుండును. ఆ బంధమును చేప మొప్పలు విడదీయజాలవు. గాలినుండి నీటిలో కరగినదియు, పగటి వెలుతురున నీటి మొక్కలు విడిచినదియు నగు ఆమ్లజనియే చేపలకు ఆధారము. రాత్రివేళ మొక్కలును దానినే పీల్చుటచే తెల్లవారునప్పటికి అది తరిగిపోవును. అందుచే రైతులు ఏరేటర్లను త్రిప్పి, నీటిని చిలికి, గాలి కలియునట్లు చేయుదురు. మూలకము ఉండుట చాలదు. అది ఏ రూపమున నున్నదో యెరుగవలెను.